సందేహాలు - సమాధానాలు: బంగాళాఖాతం గాలి, బనగానపల్లె నేల

పోయిన నెల ఇదే శీర్షికలో, సముద్రం మీది గాలిలో పాదరసం ఎట్లా రూపు మారుతుందో ఐసోటోపుల సాయంతో కనిపెడుతున్నారని నాలుగు మాటలు రాశాను. ఆ చిన్న ముక్కకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు, ఆత్మకూరు: అన్నీ సముద్రం కనబడని ఊళ్ళే. అందుకే ఈసారి పేజీ అంతా పాదరసానికే ఇస్తున్నాను.

*

సార్, నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. మీరు రాసింది పిల్లలకు చదివి వినిపించినాను. ఒక పిల్లోడు లేచి, "సముద్రం మీద పాదరసం ఏమైతే మనకేం సార్? మనకు సముద్రమే లేదు కదా" అన్నాడు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు.
— ఉపాధ్యాయుడు, నంద్యాల

మాస్టారూ, వీలైతే ఆ పిల్లవాడిని ఒక ఆదివారం బనగానపల్లె దగ్గరి జ్వాలాపురానికి తీసుకెళ్ళండి. అక్కడ జుర్రేరు లోయ మట్టిలో బూడిద పొర ఒకటి ఉంది. అది ఇక్కడి మట్టి కాదు. దాదాపు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద అది. బంగాళాఖాతం దాటి వచ్చి మన లోయలో పడింది. ఆ పొరకు కిందా పైనా మనుషులు చేసుకున్న రాతి పనిముట్లు దొరికాయి. 2007లో సైన్స్ పత్రికలో ఆ వివరాలు వచ్చాక జ్వాలాపురం పేరు ప్రపంచమంతా తెలిసింది. మనకు సముద్రం లేదన్న పిల్లవాడికి ఆ బూడిదను పిడికెడు చేతిలో పెట్టడం కన్నా మంచి జవాబు నాకు తెలియదు.

బూడిద బరువైనది, కొన్నాళ్ళకే నేలకు దిగుతుంది. పాదరసపు ఆవిరి అట్లా దిగదు. గాలిలో ఉన్న పాదరసంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఒంటి పరమాణువుల ఆవిరే. అది నీళ్ళలో దాదాపు కరగదు కాబట్టి వానకు చిక్కదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా గాలిలోనే తిరుగుతుంది. ఆఫ్రికాలో బంగారం తవ్వే చోట లేచిన ఆవిరి, చైనాలో బొగ్గు కాలిన పొగలోని ఆవిరి, ఇక్కడ మన బంగారం పనివాళ్ళ కుంపట్ల మీద లేచిన ఆవిరి అన్నీ కలిసిపోతాయి. ఉత్తరార్ధగోళంలో ఎక్కడ ఘనమీటరు గాలి తీసుకున్నా అందులో సుమారు ఒకటిన్నర నానోగ్రాము ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తానికి లెక్క కడితే నాలుగు వేల టన్నులు దాటుతుంది.

మరి ఇది నేలకు ఎప్పుడు దిగుతుంది? పరమాణువు తన ఎలక్ట్రాన్లలో రెండింటిని పోగొట్టుకున్నప్పుడు. దాన్నే ఆక్సీకరణం అంటాం. ఈ మాట వినగానే ఆక్సిజన్ గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడ పని మొదలుపెట్టేది ఎక్కువగా బ్రోమిన్. ఆక్సీకరణం చెందిన పాదరసం నీళ్ళలో కరుగుతుంది, ఉప్పు కణాలకూ దుమ్ముకూ అంటుకుంటుంది, వాన పడితే వానతో దిగుతుంది. ఏడాది పొడుగునా తిరిగేది కాస్తా కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో నేల మీదికో నీళ్ళ మీదికో చేరుతుంది. తిరుగుబోతు కాలు నిలిపే ఘడియ అదే. ఆ ఘడియ ఎక్కడ, ఎందుకు వస్తుందో తెలిస్తేనే ఎవరి నీళ్ళలోకి ఎంత పాదరసం చేరుతోందో చెప్పగలం.

మన పాత రసవైద్యులకు రసకర్పూరం తెలుసు. పాదరసాన్ని ఉప్పుతోనూ మరికొన్ని ద్రవ్యాలతోనూ కలిపి పుటం పెట్టి తెల్లటి లవణం దింపేవాళ్ళు. క్లోరిన్‌తో పాదరసం కలిసిన రూపం అది. సముద్రం మీద అటువంటి పనే ఎండ చేస్తుంది. అలలు చిమ్మిన తుంపర గాలిలో ఎండి సన్నటి ఉప్పు కణాలు మిగులుతాయి. లీటరు సముద్రపు నీళ్ళలో క్లోరైడు సుమారు 19 గ్రాములుంటే బ్రోమైడు 65 మిల్లీగ్రాములే. అయినా పైచేయి బ్రోమిన్‌దే. ఎందుకంటే విడిపడిన క్లోరిన్ పరమాణువును గాలిలోని మీథేన్ క్షణంలో పట్టేసుకుంటుంది. బ్రోమిన్ జోలికి మీథేన్ పోదు. అందువల్ల బ్రోమిన్ పరమాణువు పాదరసం కనబడేదాకా బతికి ఉంటుంది. రెండూ కలిసిన జంట మొదట చాలా పెళుసు. వేడికి రెప్పపాటులో విడిపోవచ్చు. ఆలోపల ఓజోనో నైట్రోజన్ డయాక్సైడో వచ్చి రెండో ముడి వేస్తే అప్పుడు నిలుస్తుంది.

ఇది కాగితం మీది ఊహ కాదు. కెనడా ఉత్తరపు కొసన అలర్ట్ అనే చోట 1995 వసంతంలో, నెలల చీకటి తర్వాత సూర్యుడు పొడిచిన రోజుల్లో, గాలిలోని పాదరసం ఉన్నట్టుండి మాయం కావడం చూశారు. దాంతోపాటే ఓజోన్ కూడా తగ్గిపోయింది. 1998లో ఆ సంగతి నేచర్ పత్రికలో అచ్చయింది. చలిదేశంలోనే ఇట్లా జరుగుతుందేమో అనుకునేలోపల, 2011లో అచ్చయిన పరిశోధనలో, మృత సముద్రం మీద, మండే ఎండలో, అదే తంతు కనిపించింది. ఆ నీళ్ళలో బ్రోమైడు మామూలు సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక మన సంగతి. కడప జిల్లాకు అక్టోబరు, నవంబరు వానలు తెచ్చేది బంగాళాఖాతమే. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయినప్పుడు రాజంపేట పల్లెల మీద కురిసింది ఆ సముద్రపు నీరే. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది కూడా పైనుంచి తుంగభద్ర, హంద్రీ పొంగి, కిందినుంచి శ్రీశైలం నీరు ఎగదన్ని. ఆ వానకు మూలం సముద్రమే. ఆ మేఘాల్లో నీళ్ళతోపాటు, కడలి గాలిలో కరిగే రూపం పొందిన పాదరసమూ ఉంటుంది. భయపడేంత కాదు. వాననీళ్ళలో సాధారణంగా లీటరుకు కొన్ని నానోగ్రాములు, మహా అయితే కొన్ని పదుల నానోగ్రాములు. తాగునీటికి మన దేశపు హద్దు లీటరుకు వెయ్యి నానోగ్రాములు. కాబట్టి వాననీళ్ళ తొట్టి ఉన్నవాళ్ళు దాన్ని మూయనక్కరలేదు. చెరువుకో రిజర్వాయరుకో చేరాక బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మార్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. దాని గురించి కింద ఒక తల్లి అడిగింది, అక్కడ చెబుతాను.

*

సార్, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఒకే మూలకపు ఐసోటోపులకు రసాయన ధర్మాలు ఒక్కటే అని మా పుస్తకంలో ఉంది. మరి ఐసోటోపులను చూసి పాదరసం ఏ దారిన ఆక్సీకరణం చెందిందో ఎట్లా చెప్తారు? పుస్తకం తప్పా?
— విద్యార్థిని, కడప

అమ్మా, పుస్తకం తప్పు కాదు. మొదటి పాఠానికి అది చాలు. నువ్వు ఆ పాఠం దాటి ఆలోచించావు, అందుకు నాకు చాలా సంతోషం.

పాదరసానికి స్థిరమైన ఐసోటోపులు ఏడు: 196, 198, 199, 200, 201, 202, 204. అన్నిటిలోనూ ప్రోటాన్లు 80. న్యూట్రాన్లే తేడా. 202 అన్నిటికన్నా ఎక్కువ, నూటికి దాదాపు 30 పాళ్ళు. 196 మరీ అరుదు, వెయ్యికి ఒకటిన్నర. ఇంత విశాలమైన కుటుంబం ఉండడం వల్లే పాదరసం తన ప్రయాణాన్ని ఇంత వివరంగా రాసుకోగలుగుతుంది.

కళ్ళంలో కొర్రలు తూర్పారబట్టడం చూశావా? చేట ఎత్తి గాలివాలుకు పోస్తే గట్టి గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు దూరంగా పోతుంది, నడిమి రకం నడుమ పడుతుంది. బరువును బట్టి వరస. రసాయన చర్యలోనూ అంతే. తేలిక ఐసోటోపు ఒక్క పిసరు ముందుగా చర్యలోకి దూకుతుంది, బరువైనది వెనకబడుతుంది. తేడా వెయ్యింట ఒకటీ రెండూ పాళ్ళే, కానీ కొలవవచ్చు. ముందు పోయినదాంట్లో తేలికవి ఎక్కువ, మిగిలినదాంట్లో బరువైనవి ఎక్కువ. దీన్ని బరువును అనుసరించే విభజన అంటారు. అయితే ఆవిరి కావడం, ఆకులోకి పోవడం, ఆక్సీకరణం, క్షయకరణం (పోయిన ఎలక్ట్రాన్లు తిరిగి రావడం) అన్నీ ఈ వరసనే కదిలిస్తాయి. కాబట్టి ఇదొక్కటి చూసి దారి చెప్పలేం.

వరస తప్పే గింజలు ఉండడం మన అదృష్టం. 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిజెట్ బెర్గ్‌క్విస్ట్, జోయెల్ బ్లమ్ ఒక ప్రయోగం చేశారు. నీళ్ళలో కరిగిన పాదరసం మీద ఎండ పడనిచ్చారు. అది క్షయకరణం చెంది ఆవిరై పోతుంటే, బేసి ఐసోటోపులు 199, 201 మాత్రం వాటి బరువు చెప్పిన చోట లేవు. నీళ్ళలోనే ఎక్కువగా మిగిలిపోయాయి. తూర్పారబట్టిన కుప్పలో నడుమ పడాల్సిన గింజ కాళ్ళ దగ్గర కనిపించినట్టు.

ఎందుకట్లా? సరి సంఖ్య కేంద్రకాలకు స్పిన్ లేదు. బేసి కేంద్రకాలకు ఉంది. అంటే అవి చిన్న చిన్న అయస్కాంతాలు. వెలుతురు తగిలి బంధం తెగినప్పుడు రెండు ముక్కలూ క్షణకాలం పక్కపక్కనే ఉంటాయి. మళ్ళీ కలవాలా, విడిపోవాలా అన్నది వాటి ఎలక్ట్రాన్ల స్పిన్ మీద ఆధారపడుతుంది. బేసి కేంద్రకం తన అయస్కాంతంతో ఆ స్పిన్‌ను కదిలించి ఫలితాన్ని మార్చేస్తుంది. ఇది ఒక కారణం. రెండోది కేంద్రకపు పరిమాణం. 199 కేంద్రకం 198కీ 200కీ సరిగ్గా నడిమధ్య సైజులో ఉండదు, 198 వైపు కొంచెం ఒదిగి ఉంటుంది. ఎలక్ట్రాన్లను పట్టుకునే బిగువులో అదీ తేడా తెస్తుంది.

ఇక్కడే జాడ తీసే కిటుకు ఉంది. 199లో వచ్చిన తేడాను 201లో వచ్చిన తేడాతో భాగించు. నీళ్ళలో ఎండకు జరిగే మామూలు క్షయకరణంలో ఆ నిష్పత్తి ఒకటికి దగ్గరగా వస్తుంది. మిథైల్ పాదరసం ఎండకు విరిగితే 1.3 పైన వస్తుంది. చైనా పరిశోధకులు 2016లో గాజు పాత్రలో పాదరసపు ఆవిరిని బ్రోమిన్ పరమాణువులతో ఆక్సీకరించి చూస్తే దాదాపు 1.6, క్లోరిన్‌తో అయితే 1.9 దగ్గర వచ్చింది. ఊరి చెరువు గట్టున అడుగుజాడ చూసి మేకదో గొర్రెదో పశువుల కాపరి చెప్పినట్టు, ఈ నిష్పత్తిని చూసి పాదరసం మీద ఏ చర్య నడిచిందో చెప్పే ప్రయత్నం చేస్తున్నారు. సముద్రం మీద ఓడల్లో పోతూ పట్టుకున్న ధూళికణాల్లో ఈ సంఖ్యలే వెదుకుతారు. ఒక జాగ్రత్త మాత్రం మరవకు. నిజమైన గాలిలో ఒక్క చర్యే జరగదు. పొద్దున ఆక్సీకరణం చెందింది మధ్యాహ్నం మేఘపు చుక్కలో మళ్ళీ ఆవిరి కావచ్చు. జాడ మీద జాడ పడుతుంది. ఒక్క నిష్పత్తిని పట్టుకుని ఇదే బ్రోమిన్ అని తీర్పు చెప్పేవాళ్ళను నేను నమ్మను.

అందుకే 200 మీద నాకు మమకారం. అది సరి సంఖ్య, స్పిన్ లేదు, వరస తప్పడానికి కారణమే కనిపించదు. అయినా వానలో దాని పాలు ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ, గాలిలోని ఆవిరిలో కాస్త తక్కువ. పై వాతావరణంలో జరిగే ఆక్సీకరణమే దీనికి మూలమని ఎక్కువమంది భావిస్తున్నారు. అసలు యంత్రాంగం మీద వాదం ఇంకా నడుస్తోంది. ముఖ్యమైన సంగతేమిటంటే, కింద నేల మీద, నీళ్ళలో, ఆకుల్లో జరిగే చర్యలు ఈ 200 గుర్తును దాదాపు చెరపలేవు. చాకలి గుర్తు లాంటిది, ఎన్ని ఉతుకులు పడ్డా పోదు. కాబట్టి సముద్రపు నీళ్ళలో 200 గుర్తు కొలిస్తే, అందులోని పాదరసం వానతో ఎంత దిగింది, ఆవిరిగా నేరుగా ఎంత కరిగింది అన్నది విడదీయవచ్చు. 2021లో మార్టిన్ యిస్క్రా బృందం మధ్యధరా సముద్రం మొదలుకొని ఈ లెక్క కట్టి నేచర్‌లో ప్రచురించింది. రెండూ ఇంచుమించు సగం సగం అని తేలింది. అంతవరకు ఆక్సీకరణం చెంది దిగేదే చాలా ఎక్కువ అనుకునేవాళ్ళు. ఒక పరమాణువులో రెండు మూడు న్యూట్రాన్ల తేడాను కొలిచి మహాసముద్రాల పద్దు తిరగరాశారంటే, రసాయనశాస్త్రం చదివినందుకు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

*

అయ్యా, మాది ప్రొద్దుటూరు. మా జేజినాయన కాలం నుంచి జలగడుగు పని. బంగారం అంగళ్ళలో ఊడ్చిన మట్టిని కొనుక్కొచ్చి, కడిగి, పాదరసం వేసి నూరుతాం. పాదరసం పట్టిన ముద్దను గుడ్డలో పిండి, కుంపటి మీద కాలుస్తాం. బంగారం మిగులుతాది. మా నాయనకు చేతులు వణుకుతాయి, రాత్రి నిద్ర లేదు, ఊరికే కోపమొస్తాది. వయసు అనుకుంటున్నాం. మీరు రాసింది చదివినాక అనుమానం వచ్చింది.
— ప్రొద్దుటూరు

అన్నా, ఈ ఉత్తరం చదివి కాసేపు కలం కదల్లేదు. మిగతా జవాబులు తర్వాతైనా చదవొచ్చు, ఇది మాత్రం ఈరోజే చదివి ఈరోజే పని మొదలుపెట్టండి.

చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చీటికిమాటికి చిరాకు, మతిమరుపు, చిగుళ్ళ వాపు: పాదరసపు ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళలో కనిపించే లక్షణాలు ఇవి. వయసు వల్లా రావచ్చు, వేరే జబ్బుల వల్లా రావచ్చు. తేల్చేది పరీక్షే. మీ నాయనను పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు చూపించండి. ఆయన చేసిన పని ఏమిటో దాచకుండా చెప్పి, మూత్రంలో పాదరసం పరీక్ష చేయించమని అడగండి. మీరూ చేయించుకోండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు గానీ పసిపిల్లలు గానీ ఉంటే ఆ కుంపటి ఉన్న ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండనివ్వొద్దు.

చాలామంది పాదరసం నోట్లో పడితేనే విషం అనుకుంటారు. నిజానికి ద్రవ పాదరసం మింగితే ఒంటికి పట్టేది అత్యల్పం. ఆవిరి పీలిస్తే నూటికి 80 పాళ్ళు రక్తంలోకి పోతుంది, అక్కడి నుంచి మెదడుకు. అది మరిగేది 357 డిగ్రీల దగ్గరే అయినా, ఆవిరి కావడానికి అంత వేడి అక్కరలేదు. మూత లేని గిన్నెలో ఊరికే పెట్టినా 25 డిగ్రీలకు మూసిన గదిలో ఘనమీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా ఆవిరి నిండగలదు. మన మే నెల వేడికి, 40 డిగ్రీలకు, అది మూడు రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది పొడుగునా పీల్చే గాలికి పెట్టిన హద్దు ఘనమీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. కుంపటి మీద కాల్చేటప్పుడు పరిస్థితి ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి.

పని మానేయండి అని చెప్పడం నాకు సులువు, మీకు కాదు. కాబట్టి మధ్యేమార్గం చెబుతాను. ముద్దను ఆరుబయట, ఇళ్ళకు దూరంగా, గాలివాలుకు అడ్డం లేకుండా తప్ప కాల్చొద్దు. కాల్చేది మూత బిగించిన ఇనుప పాత్రలో ఉండాలి. దాని గొట్టం వంగి నీళ్ళలో చల్లబడేలా ఉంటే పాదరసం తిరిగి చుక్కలుగా దొరుకుతుంది, మళ్ళీ పనికొస్తుంది. గొట్టం కొస నీళ్ళలో మునగకూడదు. మునిగితే పాత్ర చల్లారేటప్పుడు నీళ్ళను లోపలికి లాక్కుని పగలగలదు. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు, గుడ్డను నమ్మొద్దు. పని బట్టలతో ఇంట్లోకి పోవద్దు. ఒలికినచోట చీపురు పెట్టొద్దు. చీపురు దాన్ని వెయ్యి గుండ్లు చేసి పగుళ్ళలోకి తోస్తుంది. గట్టి అట్టముక్కతో దగ్గరకు నెట్టి, నీళ్ళున్న గాజు సీసాలోకి తీసి మూత బిగించండి.

మీ కుంపటి ఆవిరి సముద్రం దాకా పోతుందా అని కూడా ఉత్తరం చివర అడిగారు. పోతుంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలో కలిసిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో నూటికి 38 పాళ్ళు చిన్న చిన్న బంగారు గనుల్లో ఇట్లా పాదరసపు ముద్ద కాల్చడం వల్లే. బొగ్గు కన్నా అది ఎక్కువ. ప్రపంచమంతటా ఆ పని చేసేది కటిక పేదలే, మొదట పీల్చేదీ వాళ్ళే. పాదరసాన్ని అదుపు చేసే 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం కూడా సంతకం చేసి 2018లో ఆమోదించింది. ఆ ఒప్పందం చిన్న బంగారు గనుల పనివాళ్ళ గురించి ప్రత్యేకంగా మాట్లాడుతుంది. జలగడుగు వాళ్ళను గుర్తించి, సరైన పాత్రలిచ్చి, వైద్య పరీక్షలు చేయించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

*

మేం కర్నూలులో ఉంటాం. నాకు ఐదో నెల. చేపలు తినమని డాక్టరమ్మ అంటుంది, పాదరసం ఉంటుంది వద్దని మా చెల్లెలు అంటుంది. ఏం చేయాలి?
— కర్నూలు

డాక్టరమ్మ మాట వినండి తల్లీ. చెల్లెలు చెప్పింది కొన్ని చేపలకు మాత్రమే వర్తిస్తుంది. మిథైల్ పాదరసం చిన్న జీవి నుంచి పెద్ద చేపకు పోయేకొద్దీ పేరుకుంటుంది. వేటాడి బతికే, ఎక్కువ ఏళ్ళు బతికే సముద్రపు చేపల్లో ఎక్కువ: సొర, పెద్ద తూర, కత్తిచేప. మనకు దొరికే బొచ్చె, రోహు వంటివి నాచు, నలకలు తిని పెరిగేవి. వాటిలో తక్కువ. వారానికి రెండుసార్లు నిశ్చింతగా తినండి.

లెక్క కావాలంటే, వారానికి కిలో ఒంటి బరువుకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం హద్దు అని అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పింది. మీరు 50 కిలోలుంటే 80 మైక్రోగ్రాములు. కిలోకు ఒక మిల్లీగ్రాము ఉన్న సొరచేప అయితే 80 గ్రాముల ముక్కతోనే వారం కోటా తీరిపోతుంది. సొరపుట్టు బాలింతలకు మంచిదని కోస్తా చుట్టాలు పంపితే, కాన్పు అయి పాలు మాన్పించేదాకా దాన్ని పక్కన పెట్టండి.

చేపలకూ ఐసోటోపులకూ సంబంధం ఉంది. హవాయి దగ్గర తొమ్మిది రకాల చేపల కండలో బేసి ఐసోటోపుల గుర్తు చూశారు. ఎంత లోతున మేసే చేప అయితే ఆ గుర్తు అంత తక్కువ. ఎండ లోతుకు అందదు కదా. ఆ తేడాను బట్టి, మిథైల్ పాదరసంలో ఎక్కువ భాగం ఎండ చొరని లోతుల్లో తయారవుతోందని 2013లో తేల్చారు. చేప కండ తను ఎక్కడ మేసిందో చెప్పేసింది.

*

మా ఊరు ఎర్రగుంట్ల దగ్గర. థర్మల్ కేంద్రం ఒకవైపు, సిమెంటు ఫ్యాక్టరీలు ఒకవైపు. ఐసోటోపులు చూసి, మా పొలంలో పడిన పాదరసం ఎవరిదో చెప్పగలరా?
— రైతు, కడప జిల్లా

కొంతవరకు. బొగ్గు కాలినప్పుడు అందులోని పాదరసం మొదట ఆవిరిగానే లేస్తుంది. పొగ చల్లబడేలోపు బొగ్గులోని క్లోరిన్ కొంతభాగాన్ని అక్కడే ఆక్సీకరిస్తుంది. ఆ కరిగే భాగం దగ్గరి ఊళ్ళలో దిగుతుంది. మిగతాది ప్రపంచయాత్రకు పోతుంది. సముద్రం మీద ఉప్పూ ఎండా చేసే పనిని ఇక్కడ పొగగొట్టం లోపలే జరిగినట్టు అనుకోండి. సిమెంటుకు సున్నపురాయి కాల్చినా, రాయిలోని పాదరసం లేస్తుంది.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు క్రిస్టల్ రివర్ అనే చోట బొగ్గు విద్యుత్ కేంద్రం దగ్గర పడిన వానను 2012లో పరీక్షిస్తే, దూరపు వానలతో పోలిక లేనంతగా తేలిక ఐసోటోపులు కనిపించాయి. అంటే దగ్గరి పొగకూ దూరపు సముద్రానికీ తేడా పట్టవచ్చు. పక్కపక్కన ఉన్న రెండు పొగగొట్టాలను విడదీయడం మాత్రం ఐసోటోపులొక్కటే చేయలేవు. ముందు ఆ బొగ్గునూ ఆ రాయినీ కొలిచి పెట్టుకోవాలి. గాలి దిక్కుల రికార్డు, పొగగొట్టం దగ్గరి కొలతలు తోడు కావాలి. థర్మల్ కేంద్రాల పొగలో పాదరసానికి ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు 2015 డిసెంబరు నోటిఫికేషన్‌లో ఉంది. కొలతల వివరాలు ఇవ్వమని సమాచార హక్కు కింద మీరు అడగవచ్చు. అడగండి.

*

ఆత్మకూరు నుంచి. నల్లమల చెట్లు ఈ పాదరసాన్ని ఆపుతాయా?

ఆపుతాయి, అదీ ఆక్సీకరణంతో పనిలేకుండా. ఆకు తన రంధ్రాల గుండా ఆవిరి పాదరసాన్నే పీల్చుకుంటుంది. తేలిక ఐసోటోపులను ఏరి మరీ తీసుకుంటుంది కాబట్టి ఆకులోని పాదరసానికి వాన పాదరసంతో పోలిక ఉండదు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలినప్పుడు అది నేలకు చేరుతుంది. వాన తక్కువగా ఉండే మన సీమలో నేలకు వచ్చే పాదరసంలో ఆకుల వాటా పెద్దదే అయి ఉండాలని నా అంచనా. ఎండాకాలం అడవికి నిప్పు అంటుకుంటే, ఏళ్ళ తరబడి ఆకులు దాచిన ఆ పాదరసం ఒక్క రాత్రిలో మళ్ళీ గాలిలోకి లేస్తుంది. నిప్పు పెట్టకండి అనడానికి పులులే కాదు, ఇదీ ఒక కారణం.

*

పై జవాబులు రాయడం అయ్యాక కడప అమ్మాయి నుంచే ఇంకో కార్డు వచ్చింది. "మా కాలేజీలో మేమే సాంపిల్ తీయగలమా సార్?"

గాలిలోని ఆక్సీకరణం చెందిన పాదరసం మీ వల్ల కాదమ్మా. ఘనమీటరుకు 20 పికోగ్రాములు (పికోగ్రాము అంటే నానోగ్రాములో వెయ్యోవంతు) ఉందనుకున్నా, ఐసోటోపులు కొలవడానికి కావలసిన 5 నానోగ్రాములు పోగు చేయాలంటే 250 ఘనమీటర్ల గాలిని ప్రత్యేకమైన పొర గుండా లాగాలి. ఆ తర్వాత కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు కోట్ల రూపాయల యంత్రం.

వాన మాత్రం తీయగలరు. లీటరుకు 10 నానోగ్రాములు ఉందనుకుంటే ఒక లీటరు చాలు. 25 సెంటీమీటర్ల వెడల్పు గాజు గరాటు పెట్టి, 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు లీటరు వస్తుంది. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పడితే కడపలో అంత వాన ఒక్కరోజులో పడుతుంది. గరాటు, సీసా రెండూ యాసిడ్‌తో కడిగి, శుద్ధమైన నీళ్ళతో తొలిచి, సంచిలో కట్టి ఉంచండి. వాన మొదలయ్యాకే మూత తీయండి, లేకపోతే దుమ్ము పడుతుంది. చేతికి కొత్త గ్లవ్స్ తొడుక్కోండి. పాదరసం థర్మామీటరు విరిగిన గదిలో సీసాను ఎప్పుడూ ఉంచొద్దు. నీళ్ళు పట్టిన వెంటనే మీ లెక్చరర్ చేత శుద్ధమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దిగా వేయించండి, లేకపోతే పాదరసం సీసా గోడకు అంటుకుపోతుంది. అదే గరాటుతో, అదే సీసాల జతలో, శుద్ధమైన నీళ్ళు మాత్రమే పోసి ఇంకొక సీసా నింపండి. మీ సీసాల నుంచే ఎంత పాదరసం వస్తోందో అది చెబుతుంది.

గాదంకిలో, మీకు కొద్ది గంటల దూరంలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1990ల నుంచి అక్కడి రాడార్ మన ఆకాశపు గాలులను కొలుస్తోంది. మీ వాన ఏ ఎత్తులో ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి వాళ్ళకు ఒక ఉత్తరం రాయండి. సీసా మీద తేదీ, వాన మొదలైన గంట, ఆగిన గంట, గాలి దిక్కు రాయండి. పెన్సిల్‌తో రాయండి, తడికి సిరా పోతుంది.